గడియ ఎవరి చేతిలో ఉన్నది?

తెలుగున గడియ అను మాటకు రెండర్థములు కలవు. తలుపునకు అడ్డముగా వేయు కడ్డీ ఒకటి; 24 నిమిషముల కాలము మరియొకటి. ఈ రెండింటికి పొత్తు ఏమియు లేదని పైకి తోచును. కాని నేటి మోటారు కారు తలుపు దగ్గర ఈ రెండర్థములును ఒకచోటికి చేరినవి. ఎట్లు చేరినవో తెలియవలెనన్న, తలుపు గడియ మనుష్యుని చేతి నుండి మెల్లమెల్లగా ఎట్లు దూరమైనదో ఆ కథ ముందు తెలిసికొనవలెను. కారు తలుపు బీగము చెడినప్పుడు ఇంటి దగ్గరనే లోపము కనుగొని బాగు చేసికొనుటకు కూడ ఆ కథయే దారి చూపును.

రాయచోటి ప్రాంతమునందలి పాత మట్టిమిద్దెలనే తీసికొందము. వీధితలుపునకు రెండు బరువైన రెక్కలు. వాని వెనుక గోడలో ఒక తొర్ర. తొర్రలో పగలంతయు దాగియుండు ఒక పొడవాటి మ్రాను. దీపములు పెట్టిన వేళ దానిని బయటికి లాగి రెండవవైపు గోడలోనికి దూర్చినచో ఇల్లు కోట అగును. ఆ అడ్డగడియకు చెవి లేదు, మర లేదు. లోపల ఉన్నవారు ఎవరైనను, అవ్వ అయినను, మనుమడైనను, చేతితో జరిపి బయటికి రావచ్చును. బయటివారికి మాత్రము అది కనబడనైన కనబడదు.

ఇల్లు విడిచి పొలమునకో తిరునాళ్ళకో పోవునప్పుడు బయట గొళ్ళెము పెట్టి బీగము వేయుదురు. కోస్తా జిల్లాలవారు తాళము, తాళపుచెవి అనుదానిని రాయలసీమవారు బీగము, బీగపుచెవి అందురు. పొట్ట ఉబ్బిన తాళమునకు తాళపుకప్ప అని పేరు. మాటలు ఏవైనను పద్ధతి ఒక్కటియే. లోపల మనుష్యులున్నప్పుడు గడియ లోపల. ఎవరును లేనప్పుడు బీగము బయట. లోపల ప్రాణముండగా బయట బీగము వేయుట ఎన్నడును మంచి పని కాదు. ఈ నియమమును ఎవరును వ్రాసి పెట్టలేదు. వ్రాయవలసిన అవసరమును కలుగలేదు.

బీగపు చరిత్ర మిక్కిలి పాతది. ఈజిప్టు, అస్సిరియా దేశములలో కొయ్యబీగములు ఉండెడివి. గడియలో కొన్ని తొలులు, పైనుండి ఆ తొలులలోనికి జారిపడు చిన్న మేకులు. పండ్లు గల కొయ్యచెవితో ఆ మేకులను పైకెత్తినచో గడియ కదలును. ఈ ఉపాయమునే అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1861, 1865 సంవత్సరముల పేటెంట్లతో చిన్న ఇత్తడి గొట్టములో ఇమిడ్చినాడు. మన జేబులోని పలుచని తాళపుచెవి ఆయన చలవయే. అంతకు ముందు 1784లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఒక బీగము చేసినాడు. ఆయన అంగడివారు దానిని గాజు కిటికీలో పెట్టి, చెవి లేకుండ తెరచినవారికి 200 గినీలు ఇత్తుమని పందెము ప్రకటించినారు. ఆ పందెము చాలకాలము నిలిచినది. 1851లో లండను మహాప్రదర్శనమునకు వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికను 16 దినములలో మొత్తము 51 గంటలు శ్రమపడి దానిని తెరచినాడు. తెరవరాని బీగము లేదని నాడు లోకమునకు తెలిసినది.

మన దేశములో అలీగఢ్ పట్టణము బీగములకు పేరెన్నికగన్నది. 1870లో అక్కడ జాన్సన్ కంపెనీవారు ఇంగ్లండు నుండి బీగములు తెప్పించి అమ్మ నారంభించినారు. తరువాత అక్కడనే బీగముల తయారీయు వేళ్ళూనినది. 1897లో బొంబాయిలో ఆర్దేశిర్ గోద్రెజ్ బీగముల పనిశాల పెట్టినాడు. దక్షిణమున దిండిగల్ బీగము 2019లో భౌగోళిక గుర్తింపు పొందినది. ఇవన్నియు చేతితో త్రిప్పు బీగములే. చెవి ఎవరి వద్దనున్నదో వారే యజమానులు.

ఇక మోటారు కారు సంగతి. తొలినాటి కార్లలో పెక్కింటికి తలుపులే లేవు. గుర్రపుబండి వలె ఎక్కి కూర్చుండుటయే. తలుపు లేనిచోట బీగముతో పని యేమి? అమెరికాలో 1920ల నడిమి కాలమునకు పైకప్పు, అద్దములు గల మూతబండ్లు తెరపుబండ్లను మించినవి. అప్పుడు కారు ఒక చిన్న గది అయినది. గదికి తలుపులు, తలుపులకు బీగములు తప్పనిసరి అయినవి.

ఈ సందర్భమున ఒక భేదమును గుర్తింపవలెను. కారు తలుపును చట్రమునకు పట్టి ఉంచునది ఒకటి. దానిని మనము చిలుకు అందము. పిడి లాగినప్పుడు చిలుకు విడిపోవును. బీగము పని చిలుకును పట్టుకొనుట కాదు. పిడికిని చిలుకునకును నడుమ ఉన్న లంకెను తప్పించుటయే. బీగము పడినప్పుడు పిడి లాగినను ఆ లాగుడు చిలుకును చేరదు. ఈ చిన్న భేదము తెలియక మంచి మోటారును తీసి పారవేసినవారు, పాత చిలుకును అట్లే ఉంచి క్రొత్త మోటారును కాల్చుకొన్నవారు పలువురు కలరు.

నాలుగు తలుపులకు నాలుగు బీగములు విడివిడిగా వేయుట విసుగు. దానిని తప్పించుటకై 1914లోనే అమెరికాలో స్క్రిప్స్ బూత్ అను కారునకు విద్యుత్తుతో పనిచేయు తలుపు బీగములు పెట్టినారు. కాని అది నిలువలేదు. 40 ఏండ్లకు పైగా గడచిన పిదప, 1956లో ప్యాకార్డ్ కంపెనీవారు మరల విద్యుద్బీగములను తెచ్చినారు. అదే 1956 నమూనా కార్లలో ఫోర్డు కంపెనీవారు, ప్రమాదము జరిగినప్పుడు తలుపు తనంతట తెరచుకొని మనుష్యుడు బయటికి విసరివేయబడకుండ గట్టి చిలుకులను అమర్చినారు. ఒకే సంవత్సరము వచ్చిన ఈ రెండు మార్పులును తలుపును మరింత గట్టిగా మూయుటకే. లోపలివాడు తేలికగా తెరచుకొనుట ఎట్లన్న ప్రశ్న అప్పటికి వెనుకబడినది. జర్మనీలో మెర్సిడెస్‌వారు కొన్ని నమూనాలలో తీగలకు బదులు గాలిగొట్టములతో, వాక్యూము బలముతో బీగములు నడిపించినారు. 1982లో ఫ్రాన్సు దేశపు రెనో ఫ్యూగో కారుతో, దూరము నుండి మీట నొక్కి తలుపు తెరచు పద్ధతి వచ్చినది. పిమ్మట ఆ మీట రేడియో తరంగములతో పనిచేయ నారంభించినది. రేడియో పెట్టె ఉన్న ఇంటివారికి ఇది వింత కాదు. కారులోని చిన్న రిసీవరు తనకు తెలిసిన సంకేతమును మాత్రమే విని, తక్కినవానిని విననట్లు ఊరకుండును.

మన రోడ్లమీద చాలకాలము అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లదే రాజ్యము. వానిలో ప్రతి తలుపును విడివిడిగా చూచుకొనవలసినదే. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 కారు యజమాని చేతికి వచ్చినది. ఆ తొలికార్లకును నాలుగు తలుపుల బీగములను ఒక్కసారిగా వేయు ఏర్పాటు లేదు. తరువాత కంపెనీవారే ఖరీదైన నమూనాలలో దానిని పెట్టినారు. లేనివారు బజారులో దొరకు సామాను కొని మెకానిక్కుచేత బిగింపించుకొన్నారు. రాయచోటికి రాకపోకలు ముఖ్యముగా రోడ్డుదారినే. కడపనుండి గువ్వలచెరువు కనుమ ఎక్కి వచ్చు కార్లు, మదనపల్లె వైపునుండి వచ్చు కార్లు దుమ్మును ఎండను మోసికొని వచ్చును. చేతులు మారిన పాతకార్లు ఈ సీమలో తక్కువ కావు. వానిలో ముందుగా మొరాయించునవి ఈ తలుపు బీగములే.

ఈ బీగమును కదలించు సాధనమునకు యాక్చుయేటరు అని పేరు. వాడుకలో లాకు మోటారు అందురు. అరచేతిలో పట్టు ప్లాస్టిక్ పెట్టె అది. లోపల 12 వోల్టుల చిన్న మోటారు, దాని కొనకు చిన్న పండ్ల చక్రము, దానిని అంటి మరి కొన్ని చక్రములు, చివర ముందువెనుకలకు జరుగు ఒక కడ్డీ. విద్యుత్తు ఒక దిశగా పారినచో కడ్డీ బయటికి వచ్చును. తీగల ధ్రువములు మారినచో లోపలికి పోవును. విద్యుత్తు నిలుకడగా ఉండదు. ఒక్క సెకను కూడ నిండకముందే వచ్చి పోవును.

మన సీమలో ఇది ఎందుకు చెడునో ఊహించుట కష్టము కాదు. ఎండకు గ్రీజు గట్టిపడును. కిటికీ అద్దపు సందునుండి దిగిన సన్నని దుమ్ము ఆ గ్రీజుతో కలిసి బంక అగును. కడ్డీ బరువుగా కదలును. మోటారు ఎక్కువ శ్రమపడును. కార్బను బ్రష్షులు అరుగును. ప్లాస్టిక్ చక్రపు పండ్లు విరుగును. ఒక్కొక్కప్పుడు మోటారు నిక్షేపముగానే ఉండును. తలుపునకు స్తంభమునకు నడుమ, రబ్బరు గొట్టములో, తలుపు తీసిన ప్రతిసారి వంగు తీగ మాత్రము తెగియుండును.

లోపము కనుగొను పద్ధతికి మేము పైన చెప్పిన చరిత్రయే మెట్లదారి. కారు తలుపులో ఆ యుగములన్నియు ఒకదానిపై నొకటి పేర్చియున్నవి. అడుగున చిలుకు, దానిపై కడ్డీలు, గుబ్బ, దానిపై యేల్‌గారి తాళపుచెవి, దానిపై 1956 నాటి విద్యుత్తు, అన్నింటిపైన 1982 నాటి దూరపు మీట. వెదకునప్పుడు క్రొత్తదానితో మొదలుపెట్టి పాతదాని వైపునకు దిగిపోవలెను.

మొదట మీట. దానిని నొక్కినప్పుడు పలుకక, డ్రైవరు తలుపునందలి స్విచ్చి నొక్కినప్పుడు అన్ని బీగములు పలికినచో, మీటలోని బిళ్ళ బ్యాటరీ తీరిపోయినదని అనుమానింపవచ్చును. స్విచ్చితో కూడ ఏ తలుపును పలుకకున్నచో ఫ్యూజు చూడవలెను. బజారులో కొని బిగించిన ఏర్పాటులో తరచుగా డ్రైవరు తలుపుదానికి ఐదు తీగలు, తక్కినవానికి రెండేసి తీగలు ఉండును. ఐదు తీగలది పెద్ద. అది ఆజ్ఞ పంపిననే తక్కినవి కదలును. కనుక అన్నియు ఒక్కసారి మూగపోయినప్పుడు ఆ పెద్దను కూడ పరీక్షింపవలెను.

ఒక్క తలుపు మాత్రమే మొరాయించినచో లోపము ఆ తలుపులోనే ఉన్నది. అప్పుడు చెవి పని మొదలగును. అద్దములు మూసి, ఒకరు స్విచ్చి నొక్కుచుండగా మరియొకరు తలుపునకు చెవి ఆనించి వినవలెను. గిర్రుమను శబ్దము వచ్చియు గుబ్బ కదలకున్నచో పండ్లు విరిగినవి, లేదా కడ్డీ ఊడినది. నీరసముగా టిక్కుమని ఆగినచో మోటారు అలసినది, లేదా చిలుకు బిగిసినది. ఏ శబ్దమును లేనిచో విద్యుత్తు చేరుట లేదు, లేదా మోటారు చచ్చినది.

పిమ్మట చేయి. గుబ్బను చేతితో ఎత్తి దించి చూడవలెను. అది చేతికే బరువుగా ఉన్నచో తప్పు మోటారుది కాదు. చిలుకును, కడ్డీల కీళ్ళను శుభ్రపరచి, నూనె చుక్క వేసి, మరల పరీక్షింపవలెను. పలుమార్లు ఖర్చు అక్కడితోనే ఆగును. గుబ్బ తేలికగా కదలుచున్నచో తలుపు లోపలి అట్టను తీయవలసినదే.

అట్ట తీయుటకు ముందు అద్దము పూర్తిగా పైకెత్తవలెను. బ్యాటరీ రుణధ్రువపు తీగను విప్పవలెను. ప్రక్క ఎయిర్‌బ్యాగులు గల కార్లలో ఇది మరింత అవసరము. చేతిపిడి లోపల, పిడిగిన్నె వెనుక స్క్రూలు దాగియుండును. అద్దమును త్రిప్పు చేతిమర ఉన్నచో, దాని వెనుక గుడ్డముక్కను దూర్చి అటునిటు లాగినప్పుడు లోపలి తీగబిళ్ళ జారి వచ్చును. అటుపై అట్ట అంచులను మెల్లగా లాగినచో ప్లాస్టిక్ గుబ్బలు ఒకటొకటిగా విడివడును. వెనుక అంటించియున్న ప్లాస్టిక్ కాగితమును చింపరాదు. వానయు దుమ్మును లోపలికి రాకుండ కాపాడునది అదియే.

మోటారు కనబడిన పిదప దాని జోడుముక్కను విప్పి, రెండు తీగల నడుమ 12 వోల్టుల పరీక్షదీపమును కలుపవలెను. బ్యాటరీ తీగను మరల తగిలించి, స్విచ్చి నొక్కించవలెను. బీగము వేసినప్పుడు ఒక మెరుపు, తీసినప్పుడు ఒక మెరుపు కనబడినచో విద్యుత్తు వచ్చుచున్నది, మోటారునే మార్చవలెను. మెరుపు లేనిచో తలుపు కీలు దగ్గరి రబ్బరు గొట్టమును వెనుకకు మడచి, తెగిన తీగను వెదకవలెను.

మార్చుటకు మరల బ్యాటరీ తీగను విప్పి, తీగల రంగులను, కడ్డీ పట్టిన చోటును ముందే కాగితముపై గుర్తు వేసికొనవలెను. విడిమోటారు అయినచో సాధారణముగా రెండు స్క్రూలతో నిలిచియుండును. క్రొత్తదానిని బిగించునప్పుడు గుబ్బను, మోటారు కడ్డీని రెండింటిని ఒకే కొనకు, అనగా రెండును బీగము పడినచోట కాని, రెండును తీసినచోట కాని ఉంచి, అప్పుడు కడ్డీని పట్టింపవలెను. లేనిచో మోటారు సగము దారిలోనే ఆగిపోవును. తక్కిన తలుపులు పడునప్పుడు ఈ తలుపు తెరచుకొన్నచో రెండు తీగలు తారుమారైనవన్నమాట, మార్చినచో సరిపోవును. ఇటీవలి కార్లలో మోటారు, చిలుకు ఒకే పెట్టెలో ఇమిడియున్నవి. అక్కడ ఆ పెట్టెను మొత్తముగ మార్చవలెను.

పని ముగిసిన వెంటనే తలుపు వేయరాదు. ముందు తలుపు తెరచియుండగనే చిలుకును స్క్రూడ్రైవరుతో నొక్కి, మూసినట్లు చేసి, మీటతో, తాళపుచెవితో, లోపలి పిడితో, బయటి పిడితో తెరచి చూడవలెను. అన్నియు సరిగా పలికిన తరువాతనే అట్ట బిగించి తలుపు మూయవలెను. ఏదో ఒకటి తప్పియుండగా మూసినచో, తెరవరాని తలుపు వెనుక మన పనియంతయు చిక్కుకొనును. ఆ పని జరుగుచున్నంతసేపు తాళపుచెవి కారులో గాక మన జేబులో ఉండవలెను.

ఇంత శ్రద్ధ ఒక బీగమునకు అవసరమా అని అడుగువారు ఉందురు. దానికి సమాధానము గడియ అను మాట రెండవ అర్థములో ఉన్నది. ఎండలో నిలిపిన కారులో వేడి పెరుగుదలలో అధిక భాగము మొదటి అరగంటలోనే జరుగునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పినారు. అద్దమును వ్రేలెడు దించి ఉంచినను పెద్ద మేలు లేదు. పెద్దవారి దేహముకంటె చిన్నపిల్లల దేహము మూడు నుండి ఐదు రెట్లు వేగముగా వేడెక్కును. ఇట్టివేళ ఒక గడియ కాలము చాల ఎక్కువ. 2025 మే నెలలో విజయనగరము జిల్లా ద్వారపూడిలో, నిలిపియున్న కారులోనికి ఆడుకొనుటకై ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోగా బయటికి రాలేక మరణించినారు. ఆ తలుపుల వెలుపల ఊరు ఉన్నది, మనుష్యులు ఉన్నారు. గడియ మాత్రము ఎవరి చేతిలోను లేదు.

రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి కువైటుకు పోయి డ్రైవర్లుగా పనిచేయువారు పెక్కుమంది. ఆ దేశములో మిత్రిబాహ్ అనుచోట 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైనది. అట్టి ఎండలో కారు తలుపు ఎంతటిదో వారికి మనము చెప్పవలసిన పని లేదు. సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు వారే పిల్లలకు చెప్పదగినవారు.

కావున కారు ఉన్న ప్రతి ఇంటివారు కొన్ని సంగతులు మనసునందుంచుకొనవలెను. ఇంటి ముంగిట నిలిపిన కారునకు ఎల్లప్పుడును బీగము వేసి, చెవిని పిల్లలకు అందకుండ ఉంచవలెను. వెనుక తలుపుల అంచున పిల్లల బీగపు చిన్న మీట ఒకటి ఉండును. అది వేసియున్నచో లోపలి పిడి పనిచేయదు. అది వేసియున్నదో లేదో ఇంటిలోని పెద్దలందరికి తెలిసియుండవలెను. చిక్కుకొన్నప్పుడు హారను మ్రోగించుట పిల్లలకు నేర్పవలెను. చాల కార్లలో చెవి లేకున్నను అది మ్రోగును. బిడ్డ లోపల చిక్కి, తలుపు రానిచో, మెకానిక్కు కొరకు వేచియుండరాదు. బిడ్డకు దూరముగా ఉన్న ప్రక్క అద్దమును మూలన కొట్టి పగులగొట్టవలెను. ముందటి పెద్ద అద్దము రెండు పొరలది. అది తేలికగా విడిపోదు. 112కు ఫోను చేయవలెను. అద్దము మరల కొనవచ్చును.

నాలుగు తలుపులలో ఒక్కటి మీటకు పలుకకున్న మాత్రమున కొంప మునుగునా అని పలువురు ఏండ్ల తరబడి అట్లే నడపుదురు. పలుకని ఆ తలుపు ప్రక్కనే బిడ్డ కూర్చుండు దినము ఒకటి రావచ్చును. దానిని నేడే విప్పి చూచుట ఒక పూట పని. పాత మిద్దె ఇంటి అడ్డగడియకు మోటారు లేదు, మీట లేదు. కాని అది ఏమి చేయుచున్నదో ఇంటిలోని ప్రతివారికి తెలియును. కారు తలుపులోని గడియ కంటికి కనబడనిది. కనబడని దానిని తెలిసికొని ఉంచుకొన్ననాడు అది మరల మన చేతిలోని గడియయే అగును.